లారా క్రాఫ్ట్ ఆట పాసిపోయిందా?

మొన్న ఎండాకాలం చద్దర్లకు గిరాకీ పడిపోయి మా కార్ఖానా మూడు వారాలు మూసిపెట్టారు. షోలాపూర్‌లో ఉండే మనవాళ్ళకు ఇది కొత్తేం కాదు. కానీ సాంచాల చప్పుడు ఆగిపోతే నాకు చెవులు పనిచెయ్యనట్టే ఉంటుంది. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదు, బయటికి పోతే పైసలు ఖర్చు.

నాది జకార్డు పంచింగ్ పని. చద్దరు మీద నెమలి ఎక్కడ రావాలి, తోక ఎక్కడ విప్పుకోవాలి అన్నది గ్రాఫ్ కాయితం మీద గడి గడిగా గీస్తాం. ఆ గడుల లెక్కన అట్టలకు చిల్లులు కొడతాం. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే చేస్తున్నాను. అందులో సగం ఏళ్ళు ఒకటే నెమలి.

ఆ ఖాళీ రోజుల్లోనే ఒక రాత్రి మా పెద్దోడు కంప్యూటర్ ముందు కూర్చుని టూంబ్ రైడర్ ఆడుతున్నాడు. వాడు యానిమేషన్ డిప్లొమా చదివాడు. పుణెలో ఒక చోట పని దొరికేటట్టుంది. బయటి దేశాల వీడియో గేములకు రాళ్ళు, గోడలు, చెట్లు చేసిచ్చే కాంట్రాక్టు పని. పోవాలా, వద్దా అని నెల రోజులుగా ఊగుతున్నాడు. నేను వెనక నిలబడి చూసి, "ఇది మా కాలం ఆట గదరా!" అన్నాను సంబరంగా.

"అదే గద నాయినా బాధ. మీ కాలం నుంచి ఒకటే ఆట. అదే గుడి, అదే దుంకుడు, అదే ఏలాడుడు. పాసిపోయింది. ఏండ్లకు ఏండ్లు ఒకటే పని చేసేటోళ్ళకు ఇసుగు పుట్టదా?" అన్నాడు.

వాడు ఆట గురించే అన్నాడు. నాకు మాత్రం నెమలి యాదికొచ్చింది. మారు మాట్లాడకుండా పోయి పడుకున్నా గానీ నిద్ర పట్టలేదు. తెల్లారి వాడికి చెప్పాను: "ఆ ఆటలన్నీ నాకు పెట్టియ్యి. ఆడి చూసి చెప్త, పాసిపోయిందో లేదో." మా ఇంటామె నెత్తి కొట్టుకుంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

ఆట తెలియని అక్కలకు, అన్నలకు రెండు ముక్కలు. లారా క్రాఫ్ట్ అని ఒక ఇంగ్లండు అమ్మాయి. బాగా కలిగిన ఇంటి పిల్ల. నడుముకు రెండు పిస్తోళ్ళు, వీపుకు చిన్న సంచి. పాత గుడుల్లోకి, సమాధుల్లోకి, నేలమాళిగల్లోకి ఒంటరిగా దిగుతుంది. అక్కడి చిక్కులు విప్పి, దాచిన వస్తువు పట్టుకుని ప్రాణాలతో బయటపడాలి. మొదటి ఆట 1996లో వచ్చింది. 2001లో ఏంజెలీనా జోలీ సినిమా వచ్చాక ఆట ఆడనివాళ్ళకు కూడా ఆ పేరు తెలిసింది.

నేను మొదట ఆడింది మూడో భాగం. అది 1998లో వచ్చింది, నా చేతికి అందేసరికి ఇంకో ఏడాది పట్టింది. అప్పుడు నేను కండెలు చుట్టే పనిలో ఉన్నాను. సందు చివర ఒక గదిలో రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్లు, గంటకు పది రూపాయలు. పగార్ వచ్చిన రోజు పోయి కూర్చునేవాళ్ళం. ఒకడు ఆడుతుంటే నలుగురం వెనక నిలబడి తలా ఒక సలహా. ఆ మూడో భాగం మొదలయ్యేదే మన దేశంలో. అడవి, పులులు, నాగుపాములు. చేతికందింది ఎత్తుకుపోయే కోతులు. పాడుబడ్డ గుడిలో ఆరు చేతుల రాతి విగ్రహాలు ఉన్నట్టుండి కత్తులు దూసి మీదికొస్తాయి. తర్వాతి లెవెల్ పేరు గంగానది. చూస్తే కొండల మధ్య లోయ, అందులో నాలుగు చక్రాల బండి తోలాలి. కాశీకి పోయొచ్చిన మా నాయనమ్మ అది చూసి ఉంటే ఆ గేమ్ చేసినోళ్ళకు చీవాట్లు పడేవి.

కానీ ఆ ఆట నాకు ఎందుకు పట్టిందో పంచింగ్ పని నేర్చుకున్నాకే తెలిసింది. ఆ లోకమంతా గడులతో కట్టినది. నేల, గోడ, మెట్టు, గొయ్యి, అన్నీ ఒకే కొలత గడులు. లారా నిలబడి దూకితే ఒక గడి ఖాళీ దాటుతుంది. పరుగెత్తి దూకితే రెండు. చివర్లో చేతులు చాచి అంచు పట్టుకుంటే మూడు. అంతకంటే ఒక్క ఇంచీ ఎక్కువ పోదు. అందుకని దూకే ముందు లెక్క పెట్టాలి. అంచు దాకా మెల్లగా నడవాలి, ఒక్క గంతు వెనక్కి వెయ్యాలి, అక్కడినుంచి ఉరికితే సరిగ్గా అంచు మీద కాలు లేస్తుంది. లెక్క తప్పితే పడి చస్తుంది. తప్పు ఆటది కాదు, మనది. గ్రాఫ్ కాయితం మీద ఒక్క గడి తప్పితే నెమలి ముక్కు వంకరపోయినట్టే.

ఇంకొకటి, ఆ ఆటలో నిశ్శబ్దం. వెనక పాట ఎప్పుడో ఒకసారి వస్తుంది. మిగతా సేపు అడుగుల చప్పుడే. నీకు దారి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఈ ఆట పుట్టిన ఊరి సంగతి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఇంగ్లండులో డెర్బీ. మన బడి పుస్తకాల్లో మిల్లులు పుట్టిన కథ ఉంటుంది చూడండి, అది ఆ చుట్టుపక్కలదే. డెర్వెంట్ నది ఒడ్డున 1721లో నీటి చక్రంతో పట్టు దారం పేనే మిల్లు డెర్బీలోనే కట్టారు. కార్ఖానా అనే పద్ధతికే అది తొలి నమూనాల్లో ఒకటి అంటారు. అదే నది మీద ఇంకాస్త ఎగువన క్రామ్‌ఫర్డ్‌లో 1771లో ఆర్క్‌రైట్ నూలు వడికే మిల్లు పెట్టాడు. పొద్దున గంట కొట్టగానే లోపలికి, మళ్ళీ గంట కొట్టాకే బయటికి అనే బతుకు నేర్పింది అలాంటి మిల్లులే. ఆ డెర్బీలో కోర్ డిజైన్ అనే చిన్న సంస్థ టూంబ్ రైడర్ చేసింది. మొదటి ఆటకు పనిచేసిన జట్టు ఆరుగురి చుట్టుపక్కలే. లారా బొమ్మ గీసిన కుర్రవాడు టోబీ గార్డ్. మొదట ఆమె పేరు లారా క్రాఫ్ట్ కూడా కాదు, లారా క్రూజ్ అని దక్షిణ అమెరికా అమ్మాయి. అమ్మే కంపెనీ ఐడోస్‌కు ఇంగ్లీషు పేరు కావాల్సి వచ్చింది, మార్చారు. 2010లో ఆ ఊరి జనం ఓట్లేసి ఒక కొత్త రోడ్డుకు లారా క్రాఫ్ట్ పేరు పెట్టుకున్నారు.

ఆట అమ్ముడుపోయింది. మామూలుగా కాదు, విపరీతంగా. ఇక చూసుకోండి. 1997 నవంబరులో రెండో భాగం. 1998 నవంబరులో మూడు. 1999 నవంబరులో నాలుగు. 2000 నవంబరులో ఐదు. క్రిస్మస్ గిరాకీకి సరుకు దుకాణంలో ఉండాలి, అంతే. టోబీ గార్డ్ మొదటి ఆట అయ్యాకే వెళ్ళిపోయాడు. ఉన్నవాళ్ళు రాత్రింబగళ్ళు కూర్చున్నారు. రెండో భాగంలో లారా ఇంట్లో ఒక ముసలి నౌకరు ఉంటాడు, చేతిలో పళ్ళెం పట్టుకుని గిన్నెలు గలగలమంటుంటే వెనకే వస్తాడు. ఆడినవాళ్ళందరూ అతన్ని చల్లటి గదిలోకి తీసుకుపోయి తలుపు మూసేసిన పాపం చేసినవాళ్ళే. నేనూ చేశాను. అలాంటి సరదాలు పెట్టే ఓపిక రెండో భాగం దాకా ఉంది. నాలుగోది వచ్చేసరికి చేసేవాళ్ళకే విసుగు పుట్టింది. వాళ్ళు ఏం చేశారో తెలుసా? లారాను చంపేశారు. ఈజిప్టులో పిరమిడ్ కూలి ఆమె మీద పడుతుంది, ఆట అక్కడితో అయిపోతుంది. పీడ వదిలిందనుకున్నారు. మరుసటి నవంబరుకు మళ్ళీ ఆట కావాలన్నారు పైనవాళ్ళు. అందుకని ఐదో భాగంలో స్నేహితులు ఆమె ఇంట్లో కూడి, వాన కురుస్తుంటే ఆమె పాత ముచ్చట్లు చెప్పుకుంటారు. ఆ ముచ్చట్లే లెవెళ్ళు. చచ్చినామెతో కూడా పని చేయించారన్న మాట.

ఈ ఐదింటినీ నేను వరసబెట్టి ఆడాను. పెద్దోడి మాట ఇక్కడ నిజమే అని ఒప్పుకోవాలి. ఐదోది ఆడుతుంటే కండ్లు మూతలు పడ్డాయి. కానీ వాడు చెప్పిన కారణం నిజం కాదు. నాలుగో దాంట్లో, ఐదో దాంట్లో కొత్త పనులు ఎన్నో పెట్టారు. తాడు పట్టుకుని ఊగడం, తీగ మీద నడవడం. మొదటి దాంట్లో అవేవీ లేవు. అయినా మొదటిదే ఇప్పటికీ కదలనివ్వదు. ఎందుకంటే అందులో ఒక్కో గది మీద ఎవరో చాలా రోజులు కూర్చున్నారు.

మన చద్దరు సంగతే చూడండి. నెమలి డిజైన్ పాతబడిందని ఎవరూ కొనడం మానలేదు. పెండ్లిలో పెట్టడానికి ఇప్పటికీ అదే అడుగుతారు. పానిపత్ కంబళ్ళ ధరకు దిగాలని సేట్లు ఇంచీకి పేకలు తగ్గించారు, సన్న నూలు వేశారు. నెమలి అదే. ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. గిరాకీ అప్పుడు పోయింది. ఆ నెమలికి చిల్లులు కొట్టింది నేనే కాబట్టి ఈ మాట ఇంకొకరి మీద నెట్టలేను.

2003లో ఆరో భాగం వచ్చింది, ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్. కొత్త ప్లేస్టేషన్ కోసం మొత్తం మళ్ళీ మొదటినుంచి కట్టాలనుకున్నారు. గడువు దాటింది, ఇంకా దాటింది, చివరికి సగం ఉడికిందే వడ్డించారు. లారా ఒక పెట్టె జరిపి తనకు బలం పెరిగిందని ప్రకటిస్తుంది, అప్పుడే పక్క తలుపు తెరుచుకుంటుంది. నేనూ మా చిన్నదీ పడీ పడీ నవ్వాం. దాని తర్వాత ఆటను డెర్బీ చేతిలోంచి తీసేసి అమెరికాలో కాలిఫోర్నియాకు, క్రిస్టల్ డైనమిక్స్ అనే సంస్థకు ఇచ్చారు. ఏళ్ళ తరబడి వాళ్ళను సరిగ్గా నిద్రపోనివ్వని సరుకు, ఒక్కసారి చెడగానే ఊరు దాటిపోయింది. ఈ ముచ్చట మన పేటలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కాలిఫోర్నియావాళ్ళు 2006, 2007, 2008లో మూడు చేశారు. బాగానే ఉంటాయి. 2006 దానికి టోబీ గార్డ్ తిరిగొచ్చి సాయం చేశాడు. 2007ది మొదటి ఆటనే మళ్ళీ కొత్త బొమ్మలతో చేసింది. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేం తోచలేదు.

అసలు చర్చ 2013 నుంచి మొదలవుతుంది. మా పెద్దోడు పెరిగింది ఈ లారాతోనే. పిస్తోళ్ళు తిప్పే దొరసాని కాదు. ఓడ మునిగి ఒక దీవిలో పడిన పడుచు పిల్ల, ఒళ్ళంతా దెబ్బలు, చేతిలో విల్లు. ఆ మొదటి రెండు గంటలు నాకూ ఊపిరాడలేదు, అబద్ధం ఎందుకు. మొదటి నెలలోనే 34 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అయినా అప్పటికి ఐడోస్‌ను కొనేసిన జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్, అనుకున్నంత రాలేదని చెప్పింది! ఇంత అమ్మినా చాలదంటే చేసేవాడు ఏం చెయ్యాలి? పక్కవాళ్ళ దాంట్లో ఏది నడుస్తుందో అదంతా తెచ్చి ఇందులో పెట్టాలి. తుపాకులు, గుంపులు గుంపులుగా శత్రువులు, ఏరుకోవాల్సిన ఇనప ముక్కలు, మంట దగ్గర కూర్చుని కొనుక్కోవాల్సిన విద్యలు. 2015లో సైబీరియా, 2018లో మెక్సికో, పెరూ. ఊరు మారింది, పని అదే. పైగా మూడు ఆటల్లోనూ ఒకే కథ: ఈ పిల్ల ఎట్లా టూంబ్ రైడర్ అయింది అని. మూడోసారి కూడా ఇంకా అవుతూనే ఉంది.

అన్‌చార్టెడ్ అని ఇంకో వరస ఉంది, 2007లో మొదలైంది. టూంబ్ రైడర్ చూసి పుట్టిన ఆటే. తర్వాత టూంబ్ రైడరే దాన్ని చూసి కాపీ కొట్టడం మొదలుపెట్టింది. అందులో 2017లో వచ్చిన లాస్ట్ లెగసీ కథంతా మన పశ్చిమ కనుమల్లో జరుగుతుంది. హొయసళుల కథ, హళేబీడు, బేలూరు పేర్లు వస్తాయి. కర్ణాటకలో ఉండే మన పిల్లలు ఆడితే సంతోషపడతారు, కొంచెం నవ్వుకుంటారు కూడా.

నన్ను నిజంగా బాధపెట్టింది తెల్ల రంగు. 2013 తర్వాతి ఆటల్లో ఎక్కాల్సిన రాయి అంచుకు తెల్ల సున్నం పూసి ఉంటుంది. ఎవరూ అడుగుపెట్టని వెయ్యేళ్ళ సమాధిలో కూడా ముందే ఎవరో వచ్చి సున్నం కొట్టిపోయారు! అదీ చాలదని ఒక బటన్ నొక్కితే పనికొచ్చే వస్తువులన్నీ మెరుస్తాయి. దూకేటప్పుడు లెక్క అక్కర్లేదు, కొంచెం అటూ ఇటూ అయినా ఆమే పోయి పట్టుకుంటుంది. 2013 ఆటలోనైతే సమాధులే ఐచ్ఛికం, కావాలంటే పక్కకు పోయి చూసుకోవచ్చు, లేకపోతే లేదు. పేరేమో సమాధుల మీద పడే మనిషి అని.

ఇది చేసినవాళ్ళకు కూడా తెలుసు. 2018 ఆటలో పోరాటానికి, దారి వెతకడానికి, చిక్కులకు విడివిడిగా కష్టం పెంచుకునే వీలు పెట్టారు. దారి వెతికేదాన్ని కష్టానికి పెడితే తెల్ల రంగు పోతుంది. నేను అలాగే ఆడాను. మూడు వారాల్లో కొత్తవాటిలో నాకు సంతోషమిచ్చింది అదొక్కటే. గోడ ముందు నిలబడి పైకి చూస్తూ, ఎక్కడ చెయ్యి పెట్టాలో వెతుక్కుంటూ చాయ్ చల్లారబెట్టుకున్నాను.

2022లో స్క్వేర్ ఎనిక్స్ లారాను, క్రిస్టల్ డైనమిక్స్‌ను, ఇంకొన్నిటిని కలిపి 30 కోట్ల డాలర్లకు ఎంబ్రేసర్ అనే స్వీడన్ కంపెనీకి అమ్మేసింది. 2018 తర్వాత చాలా ఏళ్ళు పెద్ద కొత్త ఆట రాలేదు. వచ్చిందేమిటి? 2024 ఫిబ్రవరిలో పాత మూడు ఆటలు, 2025 ఫిబ్రవరిలో తర్వాతి మూడు, బొమ్మలు మాత్రం మెరుగుపరిచి. ఒక బటన్ నొక్కితే పాత బొమ్మ, మళ్ళీ నొక్కితే కొత్త బొమ్మ. గడులు మాత్రం కదల్లేదు. జనం కొన్నారు. మా పెద్దోడు కూడా సేల్‌లో కొన్నాడు, నాకోసం అని చెప్పాడు గానీ నాకు తెలుసు.

కార్ఖానా తెరిచే ముందు రోజు రాత్రి వాడికి నా తీర్పు చెప్పాను. పాసిపోయింది నిజమే, రెండుసార్లు పాసిపోయింది. మొదటిసారి, చేసేవాళ్ళకు రోజులు ఇవ్వక. రెండోసారి, లెక్క మనకు వదిలేసే ధైర్యం లేక. గుడి, దుంకుడు, ఏలాడుడు వల్ల కాదు.

"మరి అదే గద నేను పోయే పని," అన్నాడు వాడు. "ఆ సున్నం కొట్టే రాళ్ళే చెయ్యాలె నేను, రోజుకు ఇన్ని అని."

నేను పోరా అనలేదు, వద్దూ అనలేదు. ఇరవై రెండేళ్ళ నెమళ్ళు చేసినోణ్ణి, ఏ మొహంతో అంటాను? ఇంచీకి పేకలు తగ్గించమన్నప్పుడు నేను తలూపిన రోజు ఒకటి ఉంది, అది మాత్రం చెప్పాను. ఆ మాట వాడికి ఎప్పుడూ చెప్పలేదు. వాడు కాసేపు ఊరకున్నాడు. తర్వాత కంప్యూటర్ ముందుకు జరిగి మొదటి ఆట పెట్టాడు.

గ్రీసులో సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీ అనే లెవెల్. బావిలాంటి లోతు గది. పైనుంచి కిందికి అంచు అంచు పట్టుకుని దిగాలి. గోడల్లో నాలుగు తలుపులు, థార్, అట్లాస్, నెప్ట్యూన్, డమోక్లీస్ అని. ఒక్కో తలుపు వెనక ఒక్కో గండం, ఒక్కో తాళంచెవి. నాలుగూ తెస్తేనే కింది తలుపు తెరుచుకుంటుంది. వాడు మొదటి దూకులోనే పడి చచ్చాడు. రెండోసారీ అంతే.

"దీనికి తెల్ల గీత లేదా?"

"లేదు. గడులు లెక్కపెట్టు."

"మూడు."

"అయితే అంచు దాకా నడువు. ఒక్క గంతు ఎనకకు. ఇప్పుడు ఉరుకు, చివర్ల చెయ్యి చాపు."

లారా వేళ్ళు అవతలి అంచుకు తగులుకున్నాయి. వాడు ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. "రేపు పుణెకు ఫోన్ చేస్త నాయినా," అన్నాడు తెర మీదినుంచి కండ్లు తిప్పకుండా. "ఒక్క గదికి ఎన్ని రోజులు ఇస్తరో అడుగుత ముందుగాల."

ఆ రాత్రి ఒంటిగంట దాకా రెండు తాళంచెవులు దొరికాయి. డమోక్లీస్ గదిలో కత్తులు పోయేటప్పుడు ఊరకే వేలాడతాయి, వచ్చేటప్పుడు మీద పడతాయి. ఆ సంగతి నేను కావాలనే వాడికి చెప్పలేదు.